మా ఉద్దానం జీడిపండుకు ఒక చిన్న రాగి బట్టీ అనుమతి ఇవ్వండి: ఎక్సైజ్ శాఖకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ప్రొహిబిషన్, ఎక్సైజ్ శాఖ మంత్రి గారికి, కమిషనర్ గారికి,

నమస్కారం.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోట ఉన్న కుటుంబం మాది. ఆవిరి పట్టి సువాసన నీళ్లు, నూనెలు తీయడం నా హాబీ. నిమ్మగడ్డి, వట్టివేళ్లు, మొగలి రేకులు ఏవి దొరికితే అవి ఇంట్లో ఉన్న చిన్న రాగి పాత్రలో వేసి కాస్తాను. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. అదే పాత్రతో నేను నేర్చుకోవాలనుకుంటున్న ఇంకో పనికి మాత్రం చట్టం ఒప్పుకోదు. మా తోటలో రాలి కుళ్లిపోయే జీడిపండు రసాన్ని పులియబెట్టి, కాచి, శుభ్రమైన మద్యం తీయడం నేర్చుకోవాలని నాకు చాలాకాలంగా ఉంది. అమ్ముకుందామని కాదు. ఈ విద్య మా ప్రాంతానికి రావాలని. దొంగచాటుగా చేయడం నాకు ఇష్టం లేదు, చేయను కూడా. అందుకే అందరి ముందూ అనుమతి అడుగుతున్నాను.

ముందు పండు సంగతి చెప్పనివ్వండి. పలాస, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట, కవిటి మండలాల్లో మార్చి నుంచి మే దాకా ఏ తోటలోకి వెళ్లినా పులిసిన తీపి వాసన కొడుతుంది. పండు రాలగానే ఏరి, కింద వేలాడే పిక్కను మెలితిప్పి తీసుకుంటాం. పిక్కలు ఎండి, 80 కిలోల బస్తాలకెక్కి పలాస వెళ్తాయి. అక్కడ పప్పుగా మారి దేశమంతా తిరుగుతాయి. పండు మాత్రం చెట్టు కిందే ఉండిపోతుంది. పిక్క బరువుతో పోలిస్తే పండు ఐదారు రెట్లకు తక్కువ ఉండదు. అంటే మేం ఒక్క బస్తా అమ్మిన ప్రతిసారీ నాలుగు వందల కిలోల పైన పండు నేలపాలైనట్టే. కొంత పశువులు తింటాయి, మిగిలింది ఈగలకు. ఒక రోజు దాటితే ఇక దేనికీ పనికిరాదు కాబట్టి లారీకెక్కించి పట్నం పంపే వీలు కూడా లేదు.

దాన్ని తినే పండుగా అమ్మవచ్చు కదా అని అడుగుతారు. విటమిన్ సి కమలాపండులో కన్నా దీనిలో ఎన్నో రెట్లు ఎక్కువ. కానీ వగరు గొంతు పట్టేస్తుంది. రసంలో సగ్గుబియ్యం గంజి కలిపి కాసేపు వదిలేస్తే వగరంతా గంజితో పాటు అడుక్కు దిగి, పైన తేట రసం మిగులుతుంది. నేను ఇంట్లో ఇలాగే చేస్తాను, బంధువులకు సిరప్ సీసాలు పంచుతాను. బాగుందంటారు. అయితే అడిగి డబ్బిచ్చి కొనేవాళ్లు లేరు. జామ్, స్క్వాష్ అంటూ శిక్షణలు జరుగుతూనే ఉన్నాయి గానీ, తోటలో పడే పండు ముందు ఆ అమ్మకాలు ఏ మూలకూ సరిపోవు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా మీదే తీరం దాటింది. ముప్పై, నలభై ఏళ్ల చెట్లు ఒక్క రాత్రిలో వేళ్లతో సహా పడిపోయాయి. తిరిగి నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది, పూర్తి దిగుబడికి ఇంకా ఎక్కువ. ఆ తర్వాత పిక్క ధర పెరిగిన ఏడూ ఉంది, పడిపోయిన ఏడూ ఉంది. రైతు చేతిలో ఉన్నది ఆ ఒక్క ధరే. పండుకు కూడా ధర ఉండి ఉంటే మా ఊళ్ల నుంచి వలస వెళ్లిన కుర్రాళ్లలో కొందరైనా ఆగేవారని నేను గట్టిగా నమ్ముతాను.

ఇదే చెట్టు గోవాలో ఉంది. పోర్చుగీసువాళ్లు బ్రెజిల్ నుంచి పదహారో శతాబ్దంలో తెచ్చిన చెట్టు అది, మనకూ అటునుంచే వచ్చింది. గోవాలో పండును పారేయరు. ఏప్రిల్‌లో సత్తరి తాలూకా వైపు వెళ్లి ఒక బట్టీ దగ్గర కూర్చుని చూశాను. చెట్టు నుంచి కోసిన పండు వాళ్లు వాడరు, తనంతట తాను రాలిన పండే కావాలి. దాన్ని రాతి తొట్టెలో కాళ్లతో తొక్కి, రసాన్ని రెండు మూడు రోజులు ఊరికే పులియనిస్తారు. ఈస్టు వేయరు, పంచదార వేయరు. తర్వాత రాగి డేగిసాలో పోసి, మూత అంచుకు పుట్టమట్టి మెత్తి, కట్టెల మంట మీద కాస్తారు. మొదటిసారి దిగేది ఉర్రాక్, తేలికపాటిది, వేసవిలో అక్కడే తాగేస్తారు. దాన్ని మళ్లీ పులిసిన రసంతో కలిపి కాస్తే ఫెనీ. సీసాలో పోసి కుదిపి, పైన లేచిన బుడగలు ఎంతసేపు నిలుస్తాయో చూసి ఘాటు ఎంతో చెప్పేస్తాడు బట్టీ పెద్ద. పక్కన ఘాటు కొలిచే హైడ్రోమీటర్ కూడా ఉంది. రెండూ దగ్గర దగ్గరగానే చెప్పాయి. 2009లో ఫెనీకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2016లో గోవా ప్రభుత్వం దాన్ని రాష్ట్ర వారసత్వ పానీయంగా ప్రకటించింది. బట్టీలు నడిపేవాళ్లకు అక్కడ లైసెన్సు ఉంటుంది. ఎక్సైజ్ ఇన్‌స్పెక్టర్ వస్తే ఎవరూ పారిపోరు. నన్ను అన్నిటికంటే కదిలించింది ఆ ఒక్క విషయం.

మా ఇచ్ఛాపురం దాటగానే ఒడిశాలోని గంజాం జిల్లా. అక్కడ మొగలిపువ్వుల నుంచి కేవ్రా అత్తరు తీస్తారు. గంజాం కేవ్రా నూనెకూ భౌగోళిక గుర్తింపు ఉంది. నేను ఆవిరి పట్టడం నేర్చుకున్నది వాళ్లను చూసే. రాగి పాత్ర, మట్టితో మూత బిగింపు, వెదురు గొట్టం, నీళ్లలో ముంచిన రాగి కుండ, అంతా గోవాలో చూసినట్టే ఉంటుంది. మంట ఎంత ఉండాలి, చల్లార్చే నీళ్లు ఎప్పుడు మార్చాలి, ఏ ధార ఉంచుకోవాలి, ఏది వదిలేయాలి అనే జ్ఞానం కూడా ఇంచుమించు ఒకటే. లోపల పువ్వు ఉంటే కళ అంటాం. పండు రసం ఉంటే 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద కేసు. రెండో దాన్ని అదుపులో పెట్టాల్సిన అవసరం నాకు పూర్తిగా అర్థమవుతుంది. అదుపు వేరు, నేర్చుకునే దారే లేకుండా మూసేయడం వేరు అన్నదే నా మనవి.

ఇక విషం సంగతి. అనుమతి అడిగేవాడు దీన్ని దాటవేయకూడదు.

2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో కల్తీసారా తాగి అరవై మందికి పైగా చనిపోయారు. అక్కడ కాచడంలో తప్పు జరగలేదు. పరిశ్రమల్లో వాడే మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిపి అమ్మారు. మన దగ్గర 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూసి ఉన్న సమయంలో శానిటైజర్ తాగి పది మందికి పైగా పోయారు. మూకుమ్మడి మరణాలు జరిగిన చోట్ల దాదాపు ప్రతిసారీ బయటి నుంచి కలిపిన రసాయనమే కారణంగా తేలుతుంది. మా సరిహద్దు కొండల నుంచి దిగే నాటుసారాలో నల్లబెల్లం, పటిక, నవసాగరం పడతాయని మీ సిబ్బంది ధ్వంసం చేసిన ప్రతి ఊట డ్రమ్మూ చెబుతుంది. త్వరగా పులియాలి, ఘాటుగా అనిపించాలి, రాత్రికి రాత్రే ఊరు దాటాలి. ఆ తొందర నుంచే ఆ కలుపుళ్లు పుట్టాయి.

అయితే పండు నుంచి తీసే మద్యంలో మిథనాల్ అసలే ఉండదని నేను చెప్పను. పండులో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది, పులిసేటప్పుడు దాని నుంచి కొద్దిగా మిథనాల్ పుడుతుంది. పిప్పితో సహా పులియబెడితే ఎక్కువ, తేర్చిన రసమైతే తక్కువ. దీని గురించి ఇప్పుడు ఫోన్‌లో వీడియోలు చూసి నేర్చుకుంటున్న కుర్రాళ్లలో ఒక ప్రమాదకరమైన నమ్మకం ఉంది. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర, మద్యంలో ఉండే ఇథనాల్ 78.4 డిగ్రీల దగ్గర మరుగుతాయి కాబట్టి మొదట దిగిన కాస్త పారబోస్తే విషం మొత్తం పోయినట్టే అనుకుంటారు. నీళ్లు ఎక్కువగా ఉన్న పులిసిన రసంలో మిథనాల్ అంత విడిగా లేచి రాదు. కాచినంతసేపూ కొంచెం కొంచెంగా వస్తూనే ఉంటుంది. మొదటి ధార పారబోయడం మంచిదే, అందులో అసిటాల్డిహైడ్, ఇథైల్ అసిటేట్ లాంటివి ఉంటాయి, గోళ్లరంగు తుడిచే ద్రవం వాసన వస్తుంది. కానీ అది మాత్రమే రక్ష అనుకోవడం తప్పు. శుభ్రమైన పండు, తేర్చిన రసం, ఆ తర్వాత ఏ రసాయనం ఎంత ఉందో చెప్పే గ్యాస్ క్రొమటోగ్రఫీ పరీక్ష, ఇవన్నీ ఉంటేనే ధైర్యంగా సీసా మూత తీయవచ్చు. ఎంత మిథనాల్ దాకా ఉండవచ్చో చెప్పే ప్రమాణాలు ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల్లో ఉన్నాయి. మీ శాఖకు సొంత రసాయన పరీక్షాశాలలు ఉన్నాయి. చాటుగా కాచేవాడు ఆ గుమ్మం ఎక్కలేడు. ఎక్కితే అరెస్టు. కాబట్టి తన చేతిలో ఉన్న సీసాలో ఏముందో వాడికి ఎప్పటికీ తెలియదు, తాగినవాడికీ తెలియదు. ఆన్‌లైన్‌లో స్టీలు బట్టీలు అమ్ముతున్న ఈ రోజుల్లో ఈ విషయమే నాకు అన్నిటికంటే టెన్షన్ కలిగిస్తోంది.

నిప్పు గురించి కూడా ఎవరూ చెప్పరు. మద్యం ఆవిరి గాలికన్నా బరువు. పైకి పోకుండా నేల వెంబడి పాకుతుంది. చల్లార్చే నీళ్లు వేడెక్కితే ఆవిరి గొట్టం చివర నుంచి బయటికొచ్చి, నాలుగడుగుల దూరంలో ఉన్న పొయ్యి మంటకు అంటుకుంటుంది. గంజాం అత్తరు బట్టీల దగ్గర నీళ్ల తొట్టికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టడం చూశాక నాకు ఈ జాగ్రత్త అలవడింది. అపార్ట్‌మెంట్ వంటగదిలో తలుపులు వేసుకుని, వాసన బయటికి పోకుండా కిటికీలు బిగించి కాచేవాడికి ఇది ఎవరు నేర్పుతారు? దాక్కోవాల్సి రావడం వల్లే వాడు కిటికీ మూశాడు.

నా ఉత్తరం చదివే ఆడవాళ్లకు కోపం రావచ్చు. ఆ కోపం న్యాయమైనది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ గారు, ఆమె వెంట నడిచిన తల్లులు సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఆ ఉద్యమం వెనుక ఉన్నది వేలంపాటలు, కాంట్రాక్టర్లు, కూలి డబ్బు ఇంటికి రాకముందే ఎదురుపడే సారా ప్యాకెట్టు. ‘వారుణి వాహిని’ పేరుతో సర్కారే ప్యాకెట్లలో సారా పంపిన రోజులు అవి. ఊరి మీద మద్యం కుమ్మరించే ఏ పథకాన్నీ నేను సమర్థించను. మద్యం ఒంటికి మంచిదనీ చెప్పను. మా ఊళ్లో తాగుడు వల్ల చితికిన ఇళ్లు నాకు పేరుపేరునా తెలుసు. అందువల్లే నేను అడిగే అనుమతికి మొదటి షరతు నేనే పెడుతున్నాను: ఊరి మహిళా సంఘాలు, గ్రామసభ ఒప్పుకుంటేనే ఇవ్వండి. వద్దంటే ఆ ఊళ్లో వద్దు.

మరి ఇప్పుడు దుకాణాల్లో ఉన్నదేమిటి? 2024 అక్టోబరులో వచ్చిన కొత్త విధానంతో 99 రూపాయల క్వార్టర్ సీసా దుకాణాల్లోకి వచ్చింది. ఈ రకం సరుకులో ఎక్కువ భాగం ధాన్యం నుంచో మొలాసిస్ (చెరకు మడ్డి) నుంచో పెద్ద ఫ్యాక్టరీలో తీసిన రుచీ వాసనా లేని స్పిరిట్‌కు రంగు, పరిమళం కలిపి నింపినదే. అందులో ఉద్దానం లేదు, అరకు లేదు, నూజివీడు లేదు. మన పండ్లకు, పువ్వులకు సొంత వాసనలు ఉన్నాయి. నూజివీడు మామిడి, నేరేడు, ఏజెన్సీ ఇప్పపువ్వు ఒక్కొక్కటి కాస్తే ఏ వాసన వస్తుందో మనలో ఎవరికీ సరిగ్గా తెలియదు. చదువుకున్న కుర్రాళ్లు, ఫుడ్ టెక్నాలజీ చేసినవాళ్లు తెలుసుకోవాలని తహతహలాడుతున్నారు. మద్యం తయారీకి అనుమతి ఇవ్వడం రాష్ట్రం చేతిలోనే ఉంది, రాజ్యాంగం ఏడో షెడ్యూల్ రాష్ట్ర జాబితాలోనే ఉంది. కేంద్రం ఒప్పుకోదు అనే మాటకు ఇక్కడ తావు లేదు.

కేరళ చూడండి. కన్నూరు జిల్లాలో పయ్యావూరు సహకార బ్యాంకు రైతుల జీడిపండు కొని ఫెనీ తీస్తామంటూ ఏళ్ల తరబడి అడిగింది. 2022లో ప్రభుత్వం సరేనంది. మధ్యప్రదేశ్‌లో గిరిజన సంఘాలు తీసే ఇప్ప మద్యానికి వారసత్వ మద్యంగా గుర్తింపు ఇచ్చారు. న్యూజిలాండ్ ఇంకా ముందుకెళ్లింది. 1996 నుంచి అక్కడ సొంత వాడకానికి ఇంట్లో కాచుకోవడం నేరం కాదు, పరికరాలు దుకాణాల్లో బాహాటంగా అమ్ముతారు. అంత దూరం వెళ్లమని నేను అడగను, మన పరిస్థితి వేరు. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడాన్ని 1978లో చట్టబద్ధం చేశారు, కాచే మద్యానికి మాత్రం అప్పుడు అనుమతి ఇవ్వలేదు. ఆ ఒక్క సడలింపుతో వంటగదుల్లో ప్రయోగాలు చేసినవాళ్లే తర్వాత చిన్న చిన్న బీరు తయారీ కేంద్రాలు పెట్టారు. మన హైదరాబాద్‌లో ఇప్పుడు కనిపించే మైక్రో బ్రూవరీలు ఆ గాలి సోకి వచ్చినవే. హాబీగా చేసేవాడికి తొందర ఉండదు, లాభం లెక్క ఉండదు. ఒక ధార బాగా రాలేదంటే పారబోసి మళ్లీ మొదలుపెడతాడు. కొత్త రుచులు వాడి దగ్గరే పుడతాయి.

నేను అడిగేది చాలా చిన్నది. ఉద్దానం మండలాల్లో, రెండు జీడి సీజన్ల పాటు, కొద్దిమందికి ప్రయోగ అనుమతి ఇవ్వండి. పాత్ర పరిమాణం 25 లీటర్లు దాటకూడదు. బాపట్ల జీడిమామిడి పరిశోధన కేంద్రం, వెంకటరామన్నగూడెం ఉద్యాన విశ్వవిద్యాలయం కలిసి ముందుగా శిక్షణ ఇవ్వాలి. పరీక్ష పాసైనవాళ్లకే అనుమతి. బట్టీ ఇంటికి దూరంగా, గాలి ఆడే షెడ్డులో, నిప్పు జాగ్రత్తలతో ఉండాలి. ఎంత పండు తెచ్చారు, ఎంత రసం వచ్చింది, ఎన్ని లీటర్లు దిగాయి అన్నది రిజిస్టర్‌లో రాయాలి. కాచిన ప్రతిసారీ ఒక నమూనా మీ ల్యాబ్‌కు రావాలి, ఫీజు మేమే కడతాం. నమూనా పరీక్షలో తప్పితే మొత్తం మీ సిబ్బంది ముందే పారబోస్తాం. సీజన్ అయిపోగానే పాత్రకు సీలు వేయండి, వచ్చే మార్చిలో మీరే తీయండి. ఒక్క సీసా అమ్మినట్టు తేలినా అనుమతి రద్దు చేసి కేసు పెట్టండి. మిథనాల్ గానీ, నవసాగరం గానీ కలిపినట్టు తేలితే ఇప్పుడున్న శిక్షలు కూడా చాలవంటాను.

రెండు సీజన్ల తర్వాత మీ దగ్గర లెక్కలుంటాయి. మా పండులో మిథనాల్ ఎంత వస్తోంది, వగరు తీసిన రసానికీ తీయనిదానికీ తేడా ఎంత, గోవా పండుకూ బాపట్ల బీపీపీ-8 రకం పండుకూ వాసనలో ఏం మార్పు ఉంది, ఇవన్నీ పరీక్షాశాల కాగితాల మీద ఉంటాయి. అప్పుడు పయ్యావూరులా ఒక రైతు సహకార సంఘానికి లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది ఊహల మీద కాకుండా ఆ కాగితాల మీద తేల్చవచ్చు. వద్దని తేలితే నేను తలవంచి ఒప్పుకుంటాను.

తోటల్లో పూత డిసెంబరు, జనవరిల్లో మొదలవుతుంది. శిక్షణ, దరఖాస్తులు, షెడ్ల తనిఖీ అన్నీ మార్చిలోగా పూర్తి కావాలంటే నిర్ణయం పూత నాటికే రావాలి. మీ అధికారి ఎవరినైనా పంపితే తోట, పాత్ర, నా నోటు పుస్తకాలు అన్నీ చూపిస్తాను. మహిళా సంఘం సభ్యులను కూడా పిలుస్తాను. వాళ్లు అడిగే ప్రశ్నలు నా మాటలకన్నా మీకు ఎక్కువ ఉపయోగపడతాయి. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
ఉద్దానం జీడి రైతు కుటుంబీకుడు
శ్రీకాకుళం జిల్లా